మా పాప చదివేది ఇంటి పక్క బడిలోనే

మే నెల చివరికి వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. పోరంకి, కానూరు, తాడిగడప, యనమలకుదురు, ఈ చుట్టుపక్కల నుంచి ఎవరో ఒకరు, ఎక్కువగా ఆటిజం ఉన్న పిల్లల అమ్మలే, ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని "మీ పాపకి కూడా మా బాబు లాగే కదండీ, ఏ స్కూల్లో వేశారు?" అని అడుగుతారు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అని చెప్పగానే అటునుంచి కాసేపు మాట ఉండదు. తర్వాత "అదేంటండీ, స్పెషల్ స్కూలు ఏదీ దొరకలేదా?" అంటారు. దొరకక కాదు, కావాలనే వేశాం. ఎందుకో ఫోన్లో చెప్పబోతే సగంలోనే ఆగిపోతుంది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది లేదా పాప వచ్చి చెయ్యి లాగుతుంది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మా పాపకి ఆటిజం. ఇప్పుడు మూడో తరగతి. రెండేళ్లు నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు, మాటలు రాలేదు. మా అత్తయ్య "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదు, కంగారు పడకు" అనేది, బయటివాళ్లు "ఆడపిల్ల, నెమ్మదిగా ఉంటే మంచిదే కదా" అనేవాళ్లు. ఈ రెండో మాట చాలామంది ఆడపిల్లలకి చేటు చేస్తోందని నా నమ్మకం. అల్లరి చేసే మగపిల్లాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఓ మూల కూర్చుని గిన్నె మూతలు తిప్పుకునే ఆడపిల్లని బుద్ధిమంతురాలు అంటారు. ముందు చెవులు వినిపిస్తున్నాయో లేదో అని బెరా పరీక్ష చేయించాం, వినికిడి బాగానే ఉందన్నారు, ఆ తర్వాత పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, అప్పటికి గానీ పేరు తెలియలేదు. ఆ సంగతులు ఇంకోసారి రాస్తాను, ఈరోజు బడి గురించే.

మొదట ప్రైవేటు స్కూల్లోనే వేశాం. ఎల్‌కేజీ ఫీజు కట్టించుకున్నారు, దసరా సెలవులు అయ్యాక పిలిచి "మీ పాప కోసం ఒక మనిషిని మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోవాలి, లేకపోతే కష్టమండీ" అన్నారు. షాడో టీచర్ అంటారు వాళ్లని. మా ఆయన జీతంలో థెరపీకే సగం పోతుంటే ఇంకో మనిషికి జీతం ఎక్కడినుంచి తెస్తాం? ఇంకో స్కూలుకి వెళ్తే, ఆఫీసు గదిలో పాప చేతులు ఊపడం చూసి సీట్లు అయిపోయాయన్నారు. గేటు మీద అడ్మిషన్లు జరుగుతున్నాయని బ్యానరు అలాగే ఉంది. బయటికి వచ్చి ఆ ఎండలో ఆటో కోసం నిలబడ్డప్పుడు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు నాకు.

ఎందుకంటే ఇది వాళ్ల దయ మీద నడిచే విషయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి, ఆటిజం ఉంది, చదవడం రాయడంలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లల లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. అది ఇంటి దగ్గరి బడిలోనా, స్పెషల్ స్కూల్లోనా అనేది ఎంచుకునేది మనం. ఇది 31వ సెక్షన్. విద్యాహక్కు చట్టంలో కూడా 2012లో సవరణ చేసి మన పిల్లల్ని ప్రతికూల వర్గం, అంటే చదువుకి అవకాశాలు తక్కువున్న పిల్లల వర్గం కింద చేర్చారు, కాబట్టి ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతిలో ఇవ్వాల్సిన 25 శాతం ఉచిత సీట్లకి మనమూ దరఖాస్తు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో ఆ 25లో 5 శాతం అనాథలకి, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి, దివ్యాంగులకి కలిపి పెట్టారు. ప్రైవేటులోనే వేయాలనుకునేవాళ్లు ఆ నోటిఫికేషన్ కోసం చూసుకోండి, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. నేనైతే అప్పటికే విసిగిపోయాను. పిల్లని వద్దనుకునే చోట చట్టం చూపించి కూర్చోబెడితే, గేటు దాకా చట్టం వస్తుంది గానీ క్లాసులోకి రాదు కదా అనిపించింది.

స్పెషల్ స్కూళ్ల గురించి తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడే పిల్లలకి, బాత్‌రూమ్ దగ్గర్నుంచి అన్నీ ఒకరు దగ్గరుండి చూడాల్సిన పిల్లలకి అవి చాలా అవసరం, అక్కడ పనిచేసే టీచర్లకి ఉండే ఓపిక నాకు తల్లినై ఉండి కూడా లేదు. కానీ మా పాపకి కావాల్సింది చుట్టూ మాట్లాడే పిల్లలు. మాట్లాడని పిల్లని మాట్లాడని పిల్లల మధ్యే కూర్చోబెడితే మాట ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మేము నిర్ణయం తీసుకున్నాం.

ఇప్పుడు ఆ బడి గురించి చెబుతాను. చిన్న బడి, వేపచెట్టు, రెండు గదులు కొత్తవి, ఒకటి పాతది, ర్యాంపు ఉంది, నీళ్లొచ్చే టాయిలెట్లు ఉన్నాయి. మొదటిరోజు టీచర్‌గారు ఏం చేశారంటే, ఒక తెల్లకాగితం ఇచ్చి "పాపకి ఏం ఇష్టమో, ఏం అంటే భయమో, కోపం వచ్చే ముందు ఎలా ఉంటుందో, ఏడిస్తే మీరేం చేస్తారో రాసివ్వండమ్మా" అన్నారు. అంత ఫీజు తీసుకున్న స్కూల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను రెండువైపులా రాసిచ్చాను. కుక్కర్ విజిల్, మిక్సీ, గంట చప్పుడు పడవు. తడి చేత్తో ముట్టుకుంటే పడదు. నీళ్లు ఒంపుకోవడం, సుద్దముక్కలు వరుసగా పేర్చడం ఇష్టం. కోపం వచ్చే ముందు చొక్కా కాలరు నములుతుంది. ఆవిడ ఆ కాగితం మడిచి హాజరుపట్టీలో పెట్టుకున్నారు, ఇప్పటికీ అందులోనే ఉంది.

బడి గంట పెద్ద సమస్య అవుతుందని నాకు ముందే టెన్షన్. ఇనుప పట్టా మీద సుత్తితో కొట్టే గంట, ఊరంతా వినిపిస్తుంది. మొదటి వారం గంట మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. టీచర్‌గారు ఏం ఆలోచించారో గానీ, ఇంటర్వెల్‌కి ముందు పాపని తీసుకెళ్లి సుత్తి తన చేతికే ఇచ్చారు. మొదట కొట్టలేదు, పట్టుకుని నిలబడింది అంతే. తర్వాత చిన్నగా ఒక దెబ్బ. ఇప్పుడు ఇంటర్వెల్ గంట మా పాప డ్యూటీ, పాప రాకపోతే పిల్లలు "ఇవాళ గంట ఎవరు కొడతారు మేడం" అని అడుగుతారట. చప్పుడు అంతే ఉంది, కానీ ఎప్పుడొస్తుందో తనకి తెలుసు. థెరపీలో ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడం ఇదే సంగతి నాకు పెద్ద పెద్ద మాటల్లో చెప్పారు, అప్పుడు అర్థం కాలేదు, ఇక్కడ చూశాక అర్థమైంది.

మాటల విషయం కూడా చెప్పాలి. థెరపీలో ఇంగ్లీషులో నేర్పేవాళ్లు, వాటర్, గివ్ మీ, ఇలా. బల్ల ముందు కూర్చుంటే చెప్పేది, ఇంటికొస్తే లేదు. బడిలో చేరిన సంవత్సరమే, ఆటలో తోటిపిల్ల బంతి ఇవ్వకపోతే "నాకియ్యి" అంది. ఎవరూ నేర్పలేదు, రోజూ పదిమంది నోట వింటూ ఉంది, తనకి అవసరమైనప్పుడు వచ్చింది. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ అదే పాఠం ఇంగ్లీషు ఉంటుంది, మా పాపలాంటి పిల్లలకి ఇది ఎంత మేలో ఆ పుస్తకాలు వేసినవాళ్లకి కూడా తెలియదేమో. బొమ్మ ఒకటే, ఇంట్లో మాట్లాడే మాట ఒకవైపు, బయట వినే మాట ఒకవైపు. మొదట తెలుగు పేజీయే చూసేది, ఇప్పుడు రెండు పేజీల మీదా వేలు పెడుతుంది.

పిల్లలైతే పెద్దవాళ్లకన్నా త్వరగా అర్థం చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు పాప తినదు, వాసన పడదు, చిక్కీ ఇష్టం. పక్కన కూర్చునే పిల్ల గుడ్డు తీసుకుని తన చిక్కీ ఇచ్చేస్తుంది, ఎవరూ చెప్పకుండా వాళ్లలో వాళ్లు కుదుర్చుకున్న బేరం అది. ఏడిపించేవాళ్లు అసలు లేరని అనను, మూగది అని ఒకడు అన్నాడు, టీచర్‌గారు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు, పాపతో కలిసి చాక్‌పీసు డబ్బా అన్ని క్లాసులకీ పంచే పని ఇచ్చారు.

ఇదంతా చదివి సర్కారు బడి అంటే స్వర్గం అనుకోకండి. ఆ టీచర్‌గారు మంచివారు కాబట్టి నడుస్తోంది, అదే నా అసలు భయం. ఆవిడ సెలవు పెడితే రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, ఆ గోలకి పాప కాలరు నమలడం మొదలుపెడుతుంది. ఆవిడకి బదిలీ అయితే ఏమవుతుందో ఆలోచించడానికే ఇష్టం లేదు. హాజరు ఫోటోలు, యాప్‌లు, భోజనం లెక్కలు అన్నీ ఆవిడే చూడాలి, ఒకటికి రెండు తరగతులు చెప్పాలి, ఆ మధ్యలో మా పాపకి విడిగా అరగంట ఎక్కడినుంచి వస్తుంది? ఇంతవరకు వచ్చిందంటే ఆవిడ తన భోజనం టైములోంచి ఇచ్చారు.

ఈ లోటు కొంత తీర్చడానికే భవిత కేంద్రాలు ఉన్నాయి. చాలామంది తల్లిదండ్రులకి ఇవి ఉన్నాయనే తెలియదు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో నడుస్తాయి, ఎక్కువచోట్ల ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఒక గది. అక్కడుండే స్పెషల్ టీచర్లని ఐఈఆర్‌టీలు అంటారు. ఆడుకునే సామాను, పూసలు గుచ్చడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పే బోర్డులు, అద్దం ముందు కూర్చోబెట్టి పలికించడం, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజులు, ఇవన్నీ ఉచితం. బయట 45 నిమిషాల సెషన్‌కి వందలు పోస్తున్నాం కదా, అందులో సగం పని ఇక్కడ జరుగుతుంది. అసలు మంచం దిగలేని పిల్లలుంటే ఐఈఆర్‌టీ మేడమే ఇంటికి వచ్చి నేర్పాలి. వీల్‌చైర్లు, కాలిపర్లు, వినికిడి యంత్రాల కోసం వాటిని తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వాళ్ల క్యాంపులు పెడతారు, ఆ కబురు కూడా ముందు భవిత కేంద్రానికే వస్తుంది. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి ఎస్కార్టు భత్యం, ఆడపిల్లలకి నెలకి రూ.200 చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉన్నాయి. చిన్న మొత్తాలే, కానీ షేర్ ఆటోకి అవుతాయి, అడిగి రాయించుకోండి.

ఐఈఆర్‌టీ టీచర్ల పరిస్థితి చూస్తే మాత్రం బాధగా ఉంటుంది. ఎక్కువమంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. కేంద్రం చూడాలి, బళ్లు తిరగాలి, ఇళ్లకి వెళ్లాలి, సర్వేలు రాయాలి. ఒక్క మనిషి ఊళ్లన్నీ తిరిగేసరికి ఒక్కో పిల్లకి మిగిలేది ఎంత? సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేశారు, మంచి అడుగే, కాదనను. కానీ పోస్టు మంజూరవడం వేరు, మా బడి గుమ్మంలోకి మనిషి రావడం వేరు. నేను అడిగేది పెద్ద భవనాలు కాదు, ఏసీ థెరపీ గదులు కాదు. వారంలో కనీసం రెండు రోజులు శిక్షణ ఉన్న టీచర్ ఒకరు మా పాప కూర్చునే క్లాసులోకే వచ్చి, మా పాపని బయటికి తీసుకెళ్లకుండా, అక్కడే టీచర్‌గారి పక్కన కూర్చుని పనిచేయాలి. అంతే. ఇలా ప్రతి బడికీ జరిగితే స్పెషల్ స్కూలు అక్కర్లేని పిల్లలు ఎంతమందో ఇంటి పక్క బళ్లలోనే చదువుకోగలరు.

ఇక సర్టిఫికెట్. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ లేకుండా ఏ పనీ కాదు, దాని నంబరు మీదే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), పెన్షన్, బస్సు పాసు, అన్నీ. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకోవాలి. మా వైపు వాళ్లకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మేము విజయవాడ వాళ్లమే అనుకుంటాం, సిటీ బస్సులు ఇక్కడిదాకా వస్తాయి, సంత నుంచి సినిమా దాకా అన్నీ బెజవాడే, కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా పెనమలూరు మండలం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, జిల్లా ఆఫీసులు మచిలీపట్నంలో. పక్కనే విజయవాడలో పెద్దాసుపత్రి ఉన్నా, కాగితాల పనికి సుమారు 60 కిలోమీటర్లు పోవాల్సి వస్తుంది, అదీ బస్సు హారన్ పడని పిల్లని వేసుకుని. స్లాట్ బుక్ చేసేటప్పుడే ఏ ఆసుపత్రికి పడుతోందో చూసుకోండి, తర్వాత మార్చడం కష్టం.

ఆసుపత్రిలో మా పాపని చూసిన డాక్టరు "చూడ్డానికి బాగానే ఉంది కదమ్మా" అన్నారు. ఆటిజం మొహం మీద కనిపించదు. ఆ ఐదు నిమిషాల్లో పాప నిశ్శబ్దంగా కూర్చుందంటే శాతం తగ్గిపోతుంది. అందుకని ఉత్త చేతుల్తో వెళ్లకండి, పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి ఫైలు చేసుకోండి, క్లాస్ టీచర్ చేత ఒక పేజీ రాయించుకోండి, ఇంట్లో మామూలుగా ఎలా ఉంటుందో, అన్నం తినేటప్పుడు, నిద్రపోయే ముందు, బంధువులు వచ్చినప్పుడు, ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీసి ఉంచుకోండి. మా ఫైలులో టీచర్‌గారి ఉత్తరం చూశాకే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ప్రశ్నలు అడిగారు. పరీక్ష ఏదంటే ఐఎస్‌ఏఏ అని మన దేశంలోనే ఆటిజం కోసం తయారుచేసిన స్కేలు ఉంది, సికింద్రాబాద్‌లోని మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసింది, ఆ పేరు గుర్తుపెట్టుకుని అడగండి. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే నెలకి రూ.6,000 పెన్షన్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ బీమా కూడా ఉంది, సంవత్సరానికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి మాత్రమే.

చదువులో మాత్రమే వెనకబడే పిల్లల అమ్మలకి ఒక మాట. లెర్నింగ్ డిజెబిలిటీకి 8 ఏళ్ల లోపు సర్టిఫికెట్ అడిగినా ప్రయోజనం ఉండదు, అప్పటిదాకా ఆగాలి. ఆగమన్నారు కదా అని సాయం మాత్రం ఆపకండి, బ, భ తారుమారుగా రాసే పిల్లాడిని కొడితే ఆ అక్షరాలు సరికావు, పుస్తకం చూస్తేనే భయపడే రోజు వస్తుంది.

బడి కమిటీ గురించి కూడా చెప్పి ఆపేస్తాను, ఇది నాకు చాలా ముఖ్యం. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ప్రతికూల వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ల లెక్కకు తగ్గట్టు చోటు ఇవ్వాలి. మన పిల్లలు ఆ వర్గంలో ఉన్నారని పైన చెప్పాను కదా, కాబట్టి మనం కమిటీలో కూర్చోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. నేను అలాగే చేరాను. మొదట్లో "ఆ పాప వాళ్లమ్మ" అనేవాళ్లు, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. గేటుకి గడియ సరిగా పడేది కాదు, పాప ఒకసారి రోడ్డు మీదికి వెళ్లిపోయింది, పాలబండి అబ్బాయి చూసి తీసుకొచ్చాడు. కమిటీలో గట్టిగా పట్టుబడితే ఆ వారంలోనే గడియ మారింది.

2022లో జీవో 117 కింద చాలా బళ్లలో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి పంపేశారు, 2025లో దాన్ని తీసేసి, చుట్టుపక్కల బళ్ల పిల్లల్ని ఒకచోట చేర్చే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. తరగతికో టీచర్ అంటే మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ మామూలు పిల్లలకి కొత్త బడి అంటే వారం రోజుల బెరుకు, మా పాపకి కొత్త గోడ రంగు, కొత్త గంట, కొత్త వాసన, అన్నీ మళ్లీ మొదటినుంచి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు చట్టం కింద పెట్టిన నిబంధనలే అంటున్నాయి. బళ్లు కలిపేటప్పుడు ఆ బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎవరున్నారు, వాళ్లు కొత్త చోటికి ఎలా వెళ్తారు అని ముందు అడిగి, తర్వాత కాగితం మీద సంతకం పెట్టాలి. ఈసారి కమిటీ మీటింగులో తీర్మానం రాయించి ఎంఈవోగారికి ఇస్తున్నాం. అందులో మూడు అడుగుతున్నాం: మా బడి ఐదో తరగతి దాకా ఇక్కడే ఉండాలి, భవిత కేంద్రం నుంచి టీచర్ వారానికి రెండు రోజులు రావాలి, ఆరో తరగతికి వెళ్లే ముందు వేసవిలోనే మా పిల్లల్ని కొత్త హైస్కూలుకి తీసుకెళ్లి గదులు, దారి, గంట అలవాటు చేయడానికి అనుమతి ఇవ్వాలి. మీ బడి కమిటీలో కూడా ఇలాంటిది పెట్టాలనుకుంటే అడగండి, మేము రాసిన కాగితం పంపిస్తాను, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.